సంతాననిరోధము – యజమాని ధర్మము

పని యిచ్చువానికి పనిచేయువారి సంసారముపై నెంతవరకు అధికారము గలదు? కూలి చెల్లించిన మాత్రమున వారి గృహజీవనమును గూర్చియు, గర్భధారణమును గూర్చియు శాసించు హక్కు యజమానునకు సంక్రమించునా? తన మతధర్మమును సాక్షిగా నిలిపి అతడట్టి హక్కును గోరినచో దానిని మన్నించుట న్యాయమా? ఈ ప్రశ్న పైకి విదేశీయముగ దోచును. కాని జనుపనార మిల్లులతో బెరిగిన నెల్లిమర్ల మొదలు, జీడిపప్పు కార్ఖానాలతో నిండిన పలాస – కాశీబుగ్గల వరకు గల మన సీమలో, పదిమందికి పని కల్పించు ప్రతి గృహస్థునకును ఈ ప్రశ్న ఏదో యొక రూపమున నెదురగుచునే యున్నది. పొలము గలవాడును, మిల్లు గలవాడును, పాఠశాల నడుపువాడును, ఆసుపత్రి ధర్మకర్తయు, అందరును యజమానులే. కావున దీనిని బరుల గొడవగ దలచి విడిచిపెట్టుటకు వీలులేదు.

ఈ వివాదము ఇటీవల లోకప్రసిద్ధమైనది అమెరికాలో. ఆ దేశమున ననేకులకు వైద్యభీమా ఉద్యోగము మూలముననే లభించును. 2010లో అచట వెలువడిన ఆరోగ్యశాసనము ననుసరించి యజమానులు తమ భీమా పథకములలో గర్భనిరోధ సాధనములను గూడ చేర్చవలసి వచ్చెను. హాబీ లాబీ యను దుకాణముల సంస్థకు యజమానులైన క్రైస్తవ కుటుంబమువారు, ఆ సాధనములలో నాలుగింటికి తాము ధనము చెల్లించుట తమ విశ్వాసమునకు విరుద్ధమని కోర్టు కెక్కిరి. 2014 జూన్ 30న ఆ దేశపు సుప్రీంకోర్టు 5గురు న్యాయమూర్తులు ఒకవైపు, 4గురు వేరొకవైపు కాగా, యజమానుల పక్షముననే తీర్పు చెప్పినది. విశ్వాసము యజమానిది, గర్భము ఉద్యోగినిది. అచ్చటి ఉద్యోగములలో మన తెలుగు కుటుంబములును వేలకొలదిగ నున్నవి గనుక ఆ తీర్పు మనకు బొత్తుగ సంబంధము లేనిదనరాదు.

అయితే ఈ తగవు మన దేశమునకు సుమారు తొంబదేండ్లకు మునుపే తెలిసినది. బొంబాయిలో క్రైస్తవ మిషను వారి విల్సన్ కళాశాల యందు గణితాచార్యుడుగ నుండిన రఘునాథ ధోండో కర్వే 1921లో సంతాననిరోధ చికిత్సాలయమును స్థాపించెను. ఆ విషయమును బహిరంగముగ బోధింప మొదలిడిన పిదప, కళాశాల యధికారులకు ఆయన బోధలు రుచింపక, 1925లో ఆయన తన పదవిని వదలుకొనవలసి వచ్చెను. గణితమును చెప్పుటలో ఆయన లోపము చేసినందున గాదు. కళాశాల గోడలకు వెలుపల తన మనస్సునకు సత్యమని తోచినది చెప్పినందున. తరువాత ఆయన 1927 నుండి ‘సమాజస్వాస్థ్య’ మను మరాఠీ పత్రికను తన మరణము వరకు నడపెను. దానిపై వచ్చిన అభియోగములలో 1934లో ఆయన పక్షమున వాదించినవారు డాక్టరు అంబేద్కరుగారు.

ఆ కాలముననే మద్రాసులో నియో-మాల్థూసియన్ లీగు వెలసినది. దానికి బెద్దదిక్కుగ నిలిచినవారిలో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తియు, తెలుగువారునగు సర్ వేపా రామేశముగారొకరు. కర్వే చెప్పినదియు, రామేశముగారు చెప్పినదియు మూలమున నొక్కటే. న్యాయపీఠముపై గూర్చున్నవారికి ఆ మాట వలన నుపద్రవము గలుగలేదు. మిషను జీతముపై నాధారపడిన ఉపాధ్యాయునకు మాత్రము జీవనము పోయెను. ఇందు గ్రహింపదగిన దొకటి కలదు. మతము పేర జరుగు నిర్బంధము అందరిపైనను సమానముగ బడదు. ఎవని యన్నము పరులచేతిలో నున్నదో వానిపైననే అది బడును.

మతములు చెప్పు నాక్షేపణలను తేలికగ త్రోసివేయుట మా యుద్దేశము కాదు. అవి వివేకహీనుల మాటలు కావు. పుత్రుని మూలమున పితృఋణము తీరునని మన ధర్మశాస్త్రములు చెప్పినవి. పదుగురు పుత్రులను గోరు నాశీర్వచనము వివాహమంత్రములలోనే కలదు. సంతానమును దైవదత్తముగ నెంచు భావము, అనావృష్టికిని, మసూచికిని, గంజాము క్షామమునకును బిడ్డలను బలియిచ్చిన మన పూర్వులకు సహజమైనది. మహాత్ముడు సంతాననియమనమును వలదనలేదు; కృత్రిమ సాధనములను మాత్రము వలదనెను. 1935 డిసెంబరులో మార్గరెట్ శాంగరు వార్ధాకు వచ్చి ఆయనతో వాదించినపుడు, బ్రహ్మచర్యనిష్ఠయే తగిన మార్గమని ఆయన తన పట్టు విడువలేదు. కతోలిక మతగురువైన పదునొకండవ పయస్ పోపు 1930 డిసెంబరు 31న వెలువరించిన లేఖలో కృత్రిమనిరోధమును పాపముగ నిర్ణయించెను. ఆరవ పాల్ పోపు 1968 జూలైలో దానినే మరల స్థిరపరచెను. ఈ నియమములను తమ జీవితమున బాటించువారి నిష్ఠకు మనము నమస్కరింపవలసినదే.

కాని ఏ మతమును ఈ విషయమున నేకకంఠముతో పలుకలేదు. 1930లోనే, పోపు లేఖకు కొలది మాసములు ముందుగ, లాంబెత్‌లో గూడిన ఆంగ్లికన్ బిషప్పులు కొన్ని పరిమితులతో సంతాననిరోధమున కంగీకరించిరి. ఒకే బైబిలు, ఒకే సంవత్సరము, రెండు నిర్ణయములు! ఇస్లాము ధర్మవేత్తలలో ననేకులు గర్భము నిలువకుండ జాగ్రత్తపడుటను నిషేధింపలేదు. ఇమాం గజాలీ వంటి మహావిద్వాంసుడు తొమ్మిదివందల యేండ్ల క్రిందటనే దానిని చర్చించి సమ్మతించెను. మన వైద్యగ్రంథములలోను గర్భనిరోధయోగములు గలవు. కావున యజమాని ‘మా మతము’ అనునపుడు, ఆ మతమునకు దాను చెప్పుకొను నర్థమునే అట్లనుచున్నాడని తెలిసికొనవలెను.

శాస్త్రము పేర జరిగినదంతయు శాస్త్రసమ్మతము కాదనుటకు విజయనగరమే సాక్షి. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ పీఠికలో నొక లెక్క గలదు. విజయనగర మహారాజు ఆనందగజపతి విశాఖపట్టణము జిల్లాలో బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్లలో జరిగిన శుల్కవివాహముల పట్టిక వ్రాయింపగా అవి 1,034 అని తేలెను. ఆ కన్యలలో ఐదేండ్లవారు 99గురు. ఏడాది వయస్సు గలవారును ముగ్గురుండిరి. నాడు ఆ పెండ్లిండ్లు చేసినవారిని ప్రశ్నించినచో ధర్మమనియే చెప్పి యుందురు. ఇంటిలోపలి ధర్మమును లెక్కకు దెచ్చి వెలుగులో నుంచిన పిదపగాని ఆ ధర్మము యొక్క స్వరూపము లోకమునకు దెలియలేదు. సంతానవిషయమునను అంతే.

ఇక మనస్సాక్షికి హద్దెక్కడ? తాను చేయకుండుట వేరు. పరులను చేయనీయకుండుట వేరు. శస్త్రచికిత్స తన విశ్వాసమునకు విరుద్ధమని యొక వైద్యుడు కత్తి పట్టకుండెనేని, అతనిని బలవంతపెట్టుట తగదు. మిషను ఆసుపత్రులు మన జిల్లాలలో కుష్ఠరోగులకును, ప్రసూతులకును చేసిన సేవ మరువరానిది. కాని తాము చేయనిది చేయమని ముందుగనే స్పష్టముగ చెప్పుట, చేయు చోటు చూపుట, రోగిని నిందింపకుండుట, ఈ మూడును మనస్సాక్షి గల వైద్యునకు విధులు. పట్టణమునందు నొక ఆసుపత్రి కాదన్న వేరొకటి కలదు. పార్వతీపురము, సీతంపేట మన్యములలో అట్లు కాదు. రెండవ కాన్పుతోనే శస్త్రచికిత్స జరిగిపోవునని యాశించి వచ్చిన బాలింత, మరల నొక దినము కూలి పోగొట్టుకొని, చంటిబిడ్డ నెత్తుకొని, కొండ దిగి రావలెను. అనేకులు రారు. వైద్యుని మనస్సాక్షికి శాంతి. ఆమెకు మూడవ గర్భము. ఈ భారమును మోయువారెవరో తెలిసికొనక చేయు ధర్మము అసంపూర్ణము.

ఇచ్చట మన శాసనమును గూర్చి చెప్పవలసిన ముఖ్యాంశ మొకటి కలదు. యజమానుల విశ్వాసమునకై అమెరికాలో నంత వ్యాజ్యము నడువగా, మన దేశమున నా ప్రశ్నకు సమాధానము చడిచప్పుడు లేక చాలకాలము క్రిందటనే వ్రాయబడి యున్నది. 1961 నాటి ప్రసూతి సౌకర్య చట్టమునకు 1995లో జేసిన సవరణ ననుసరించి, ట్యూబెక్టమీ, అనగా మనవారు కు.ని. ఆపరేషనని పిలుచు శస్త్రచికిత్స, చేయించుకొన్న కార్మికురాలికి రెండు వారముల సెలవు వేతనముతో నీయవలెను. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోను ఈ నియమము నిలిచినది. ఇ.ఎస్.ఐ. పథకములో జేరినవారికి ఆ పథకము క్రిందనే పూర్తి వేతనముతో స్త్రీకి 14 దినములు, వాసెక్టమీ చేయించుకొన్న పురుషునకు 7 దినములు గలవు. యజమాని కతోలికుడైనను, సనాతనుడైనను, నాస్తికుడైనను ఆ సెలవు నీయవలసినదే. మతము కారణముగ మినహాయింపు శాసనములో లేదు. వేతనము పుచ్చుకొనునది ఆమె. దానినెట్లు వినియోగించిన నామె ఇష్టము. సెలవును నట్టిదే.

మరి ఈ సెలవు మన యూళ్ల కార్ఖానాలలో నెందరు స్త్రీలకు దక్కుచున్నది? పలాసలో జీడిపిక్కలు కొట్టి, పొట్టు ఒలిచి, పప్పు రకములు వేరుచేయు పని యంతయు ప్రధానముగ స్త్రీలదే. జీడిరసము చేతులను గాల్చు పని అది. ఎంత పప్పు తీసిన నంత కూలి. హాజరుపట్టీలో పేరు లేని స్త్రీకి సెలవెక్కడిది? శస్త్రచికిత్స జరిగిన కొలది దినములకే కుట్లు మానకమునుపే పీటపై గూర్చుండు తల్లి, తనకు రెండు వారముల వేతనము రావలసి యున్నదని యెరుగదు, ఎరిగినను అడుగజాలదు. మన సీమలో సంతాననిరోధమునకు యజమాని యాక్షేపణ వేదములోనుండి గాని, బైబిలులోనుండి గాని వచ్చుట యరుదు. అది పద్దుపుస్తకములోనుండి వచ్చును. ధర్మము పేర కాదన్నవానితో వాదింపవచ్చును. ఏమియు ననక, పట్టీలో పేరు వ్రాయకుండ కాదన్నవానితో వాదించుటకు మాటయే లేదు.

ఇంతవరకు అడ్డుపడు యజమానిని గూర్చి చెప్పితిమి. తోయు యజమానిని గూర్చియు చెప్పకున్న పక్షపాతమగును. మన దేశచరిత్రలో ఈ రెండవవాడే ఎక్కువ బలవంతుడు. 1976–77 అత్యవసర పరిస్థితిలో దేశమున 80 లక్షలకు పైగ కు.ని. శస్త్రచికిత్సలు జరిగినవి. ఉత్తరాది రాష్ట్రములలో ఉపాధ్యాయులకు లక్ష్యములు విధించి, అవి నెరవేర్పకున్న జీతములు నిలిపిరి. ఎయిర్ ఇండియా సంస్థలో పరిచారికలు మొదటి గర్భము ధరింపగనే ఉద్యోగము కోల్పోవు నియముండెను. 1981లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసెను గాని, మూడవ గర్భమునకు ఉద్యోగము తీసివేయుటను తప్పనలేదు. మన రాష్ట్రమున 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము ఇద్దరికి మించి బిడ్డలున్నవారు పంచాయతీ పదవులకు అనర్హులని నిర్ణయించినది. ఇట్టి నియమమునే హర్యానాలో కొందరు మతస్వాతంత్ర్యమునకు విరుద్ధమని ప్రశ్నింపగా, 2003లో జావేదు వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఆ వాదమును నిరాకరించెను. రాజ్యాంగపు 25వ అధికరణము క్రింది మతస్వాతంత్ర్యము ప్రజారోగ్యమునకు లోబడినదేనని న్యాయమూర్తుల నిర్ణయము. తత్ఫలితముగ నేమైనది? పదవికై భార్యను విడిచినవారును, బిడ్డను దత్తతనిచ్చినట్లు చూపినవారును ఉండిరని నిర్మలా బుచ్ గారు ఆంధ్రప్రదేశముతో సహా ఐదు రాష్ట్రములలో జరిపిన పరిశీలన తెలిపినది.

ఆ నియమము మూడు దశాబ్దములు నిలిచి, 2024 నవంబరులో మన శాసనసభ చేతనే రద్దయినది. ఇపుడు గాలి ప్రతిదిశకు వీచుచున్నది. రాష్ట్రమున జననములు తగ్గి, వృద్ధులు పెరుగుచున్నారని ఏలికల యాందోళన. 2025 మార్చి 8న ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు, మహిళోద్యోగులకు ఎన్ని కాన్పులకైనను ప్రసూతి సెలవు లభించునని ప్రకటించిరి. ఆ దినములలోనే విజయనగరము లోకసభ సభ్యులు కలిశెట్టి అప్పలనాయుడుగారు మూడవ బిడ్డ ఆడపిల్లయైనచో 50,000 రూపాయలు, మగపిల్లవాడైనచో ఆవును, దూడను తమ జీతములోనుండి యిచ్చెదమని చెప్పిరి. సెలవు విషయమున ముఖ్యమంత్రి మాట మేలైనది. ఎన్నవ కాన్పైనను కాన్పు కాన్పే, నొప్పి నొప్పియే. సుప్రీంకోర్టును 2025 మేలో తమిళనాటి ఉపాధ్యాయిని వ్యాజ్యమున, ప్రసూతి సెలవు స్త్రీకి గల సంతానహక్కులలో భాగమని చెప్పినది. కాని ఆవు – దూడల మాట వేరు. నిన్న రెండవ బిడ్డతో నాపుమని పదవి చూపి బెదిరించిన దేశమే, నేడు మూడవ బిడ్డకై కానుక చూపుచున్నది.

జాతీయవాదులమైన మాకు ఈ సందర్భమున నొక ప్రశ్న తప్పదు. జాతిబలమునకు జనబలము వలయును గదా. జనసంఖ్య తగ్గినచో రాష్ట్రమునకు లోకసభలో స్థానములు తగ్గునేమో యను భయము నిరాధారము కాదు గదా. అట్టిచో కుటుంబముల నుద్బోధించుట జాతిసేవ కాదా? ఉద్బోధ తప్పు కాదు. కాని జాతియవసరము ముప్పదియేండ్ల కొకమారు మారుచున్నది. స్త్రీ శరీరము మారుట లేదు. ఒక తల్లికి అతిసంతానము జాతిద్రోహమని చెప్పి శస్త్రచికిత్స చేయించినచో, ఆమె కోడలికి మితసంతానము జాతిద్రోహమని చెప్పుటకు మనకు మొగ మెట్లు వచ్చును? యజమాని ధర్మము పేర గర్భమును శాసింపరానిచో, ప్రభుత్వము జాతి పేర శాసించుటయు నంతే తగనిది. ఇది దేశభక్తికి లోటు కాదు. స్వరాజ్యమనగా తన్ను దానేలుకొనుట యని మనము నేర్చినవారము. ఆ పాఠము ఇంటి గడపకు వెలుపల నాగిపోరాదు.

మన రెండు జిల్లాల స్థితిని గమనింతము. 2011 జనగణన ననుసరించి నాటి శ్రీకాకుళము జిల్లాలో ప్రతి 1,000 మంది పురుషులకు 1,015 మంది స్త్రీలు, విజయనగరము జిల్లాలో 1,019 మంది స్త్రీలు. పురుషులనేకులు పొట్టచేతబట్టుకొని దూరదేశములకు వలస పోవుట ఈ సీమకు రంగూను నాటినుండి యున్న యలవాటు. ఇల్లు, పొలము, కార్ఖానా, బిడ్డలు, అన్నియు స్త్రీ నెత్తిపైననే. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ననుసరించి ఆంధ్రప్రదేశమున 15–49 ఏండ్ల వివాహితలలో 69.6 శాతము మంది స్త్రీలు కు.ని. శస్త్రచికిత్స చేయించుకొన్నవారు, పురుషుల శస్త్రచికిత్స 0.4 శాతము. స్త్రీకి కడుపు తెరువవలెను; పురుషునకు కొలది నిమిషముల పని. అయినను ఇంటి ధర్మము ఇట్లు నిర్ణయించినది! మగవాడు చేయించుకొన్న బరువులెత్తలేడని మన యూళ్లలో నమ్మిక. కత్తిగాటు పడిన స్త్రీ మాత్రము వరినాట్లకు వంగవచ్చును, జీడిగంప నెత్తవచ్చును. ఏ వేదమును ఈ మాట చెప్పలేదు. మతపు టాక్షేపణలను గూర్చి వాదించు విద్వాంసులు ఈ లౌకికపు టాక్షేపణను గూర్చి యేల మౌనము వహింతురు?

కావున మా సూచనలు సులభములు. పని యిచ్చునపుడు ఆడుదానిని ‘పిల్లలెందరు, ఆపరేషనయినదా?’ అని యడుగు ఆచారము మానవలెను. ఆ ప్రశ్నకు సమాధానమునుబట్టి పని యిచ్చుటయు, మానుటయు రెండును అధర్మమే. శస్త్రచికిత్సకు సెలవు గోరిన స్త్రీకి శాసనము చెప్పిన రెండు వారముల వేతనమును, పట్టీలో పేరున్నను లేకున్నను, చెల్లించుట గృహస్థధర్మముగ నెంచవలెను. ఒక పండుగకు మనము కాల్చు బాణసంచా వెలకు మించిన వ్యయము కాదిది. తన విశ్వాసమును బట్టి శస్త్రచికిత్సను వలదనుకొన్న కార్మికురాలిని, ఆమె కతోలిక యైనను, ముసల్మాను స్త్రీ యైనను, నోములు నోచుకొను హిందూ గృహిణియైనను, లక్ష్యముల పేర వేధింపరాదు. అట్టివారికి ఇతరమార్గములు తెలుపు వైద్యులను ప్రభుత్వమే సమకూర్పవలెను. సెలవు పట్టికలో స్త్రీల 14 దినములకు ప్రక్కనే పురుషుల 7 దినములను గూడ వ్రాసి, కార్ఖానా గోడపై నందరకు గనుపించునట్లు కట్టింపవలెను. ఆ ఏడు దినముల నడుగుటకు వచ్చు మొదటి పురుషుని పరిహసింపక, పదిమంది యెదుట మెచ్చుకొను పెద్దమనిషి యొక్కడు ప్రతి యూరికిని వలయును.

యజమానికి ధర్మము లేకపోవలెనని మేమనుట లేదు. అతని ధర్మము అతని దానముల యందును, ఉపవాసముల యందును, తన సంసారమును దాను నడుపుకొను తీరు యందును వెలుగొందుగాక. కాని ఆ ధర్మమునకు కావలసిన త్యాగమును తానే చేయవలెను. ఇతరుల గర్భముతో చేసిన త్యాగమునకు ఏ లోకమునను పుణ్యము లేదు. దినమంతయు పనిచేసిన స్త్రీ చేతికి సాయంకాలము కూలి యిచ్చునపుడు యజమానికి మిగులు హక్కు ఒక్కటే: లెక్క సరిపోయినదా యని చూచుకొనుట. ఆ లెక్కలో ఆమెకు రావలసిన రెండు వారములును చేరినవా యని పఠితలు తమ తమ పద్దుపుస్తకములను తెరచి చూతురుగాక.